చలికీ, భయానికీ, పాటకీ ఒకేలా వెంట్రుకలు ఎందుకు లేస్తాయి?

#1 కొబ్బరాకు (రాజోలు)

చన్నీళ్లు మీద పడితే చేతుల మీద వెంట్రుకలు లేస్తాయి. చీకట్లో పక్కనే ఏదో కదిలినట్టనిపించినా లేస్తాయి. మంచి గాయకుడు తారస్థాయిలో ఒక స్వరం పట్టి నిలబెడితే అప్పుడూ లేస్తాయి. మొదటిది ఒంటికి కష్టం, రెండోది ప్రాణభయం, మూడోది ఆనందం. ఈ మూడింటికీ శరీరం ఒకే పని ఎందుకు చేస్తోంది?

పిల్లికీ కుక్కకీ లేచాయంటే వాటికేదో ఉపయోగం కనిపిస్తోంది. మనకి ఒంటి మీద అంత బొచ్చే లేదు కదా, మరి ఈ ఏర్పాటు ఇంకా ఎందుకు మిగిలింది? "పాతకాలపు అవశేషం" అని ఒక్క ముక్కలో తేల్చేసిన సమాధానాలు చాలా చదివాను. తృప్తి కలగలేదు. వైద్యులు, పశువులతో పనిచేసేవాళ్లు, సంగీతం తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. కాస్త వివరంగా రాయండి.

#2 నాడీతరంగం (విశాఖపట్నం)

వైద్య విద్యార్థులకు ఫిజియాలజీ చెబుతుంటాను. ముందు చర్మం లోపల ఏం జరుగుతుందో రాస్తాను, మిగతాది దాని మీద మాట్లాడుకోవచ్చు.

మన ఒంటి మీద వెంట్రుక నిటారుగా మొలవదు, వాలుగా మొలుస్తుంది. ఆ వాలు వైపున, వెంట్రుక కుదురు మధ్యభాగం నుంచి చర్మం పైపొర కింది దాకా సన్నని కండరం ఒకటి ఏటవాలుగా ఉంటుంది. పేరు ఎరెక్టార్ పిలై. అది ముడుచుకుంటే వెంట్రుక నిలబడుతుంది, కుదురు చుట్టూ చర్మం పైకి ఉబుకుతుంది, కండరం అతుక్కున్న చోట కొంచెం లోపలికి లాగబడుతుంది. మనకి కనిపించే బొడిపె అదే.

ఇది నునుపు కండరం, అంటే పేగుల్లోనూ రక్తనాళాల గోడల్లోనూ ఉండే రకం. అందుకే చెయ్యి ఎత్తినట్టు వెంట్రుకలు ఎత్తలేం. దీన్ని నడిపేది మన ప్రమేయం లేకుండా పనిచేసే సింపథెటిక్ నాడులు. అవి నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనం వదులుతాయి, కండరం మీదున్న ఆల్ఫా-1 గ్రాహకాలు దాన్ని అందుకుంటాయి. ప్రమాదంలో గుండె వేగం పెంచేది, కంటిపాపను పెద్దది చేసేది కూడా ఈ నాడీ వ్యవస్థే.

ఇక కొబ్బరాకు గారి ప్రశ్న. చలి కబురు చర్మం నుంచి హైపోథాలమస్‌కి, అంటే ఒంటి ఉష్ణోగ్రతను చూసుకునే మెదడు భాగానికి, వెళుతుంది. భయం కబురు అమిగ్డలా అనే మెదడు భాగం మీదుగా అదే హైపోథాలమస్‌కి చేరుతుంది. కారణాలు వేరైనా కిందకి ఆజ్ఞ మోసుకొచ్చే నాడులు ఒకటే. ఒంటి మీద వేడి కాపాడడానికైనా, పోరాటానికి సిద్ధం కావడానికైనా శరీరం కదిలించేది ఈ వ్యవస్థనే. పాట సంగతి ఇంత సూటిగా లేదు. అది సంగీతం తెలిసినవాళ్లకు వదిలేస్తున్నాను.

ఇంకొక్క మాట. వెంట్రుక ఉన్న ప్రతిచోటా ఈ కండరం ఉండదు. కనురెప్పల వెంట్రుకలకు లేదు. పిల్లి మీసాలను కదిలించేది ఇది కాదు, పిల్లి తన ఇష్టప్రకారం ఆడించగల వేరే కండరాలు. అరచేతుల్లో, అరికాళ్లలో వెంట్రుకలే లేవు కాబట్టి అక్కడ ఈ ప్రసక్తే రాదు.

#3 పశువుల డాక్టరు (మార్కాపురం)

జంతువుల సంగతి నేను రాస్తాను. రోజూ చూసేదే.

మొదటి పని చలి కాచుకోవడం. బొచ్చు లేచినప్పుడు వెంట్రుకల మధ్య కదలని గాలి పొర మందమవుతుంది. గాలి వేడిని సులువుగా దాటనివ్వదు. దూది ఏకించి కుట్టిన బొంత వెచ్చగా ఉండడానికి కారణం కూడా దూదిలో చిక్కుకున్న గాలే. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున వీధికుక్కలు ముడుచుకుని పడుకుని ఉంటాయి చూడండి, ఒంటి మీద బొచ్చు కాస్త ఉబ్బి కనిపిస్తుంది.

రెండో పని బెదిరించడం. పిల్లి వీపు విల్లులా వంచి, తోక ఉబ్బించి, శత్రువుకి పక్కవాటుగా నిలబడుతుంది. పక్క నుంచి చూస్తేనే కదా పెద్దదిగా కనిపించేది! ఉన్న ఒళ్లే రెట్టింపు అయినట్టుంటుంది. 1872లో డార్విన్ మనుషుల్లో, జంతువుల్లో భావాలు పైకి ఎలా కనిపిస్తాయో రాసిన పుస్తకంలో ఈ వెంట్రుకలు లేవడం మీద చాలా పేజీలు కేటాయించాడు. కోపంలోనూ భయంలోనూ జంతువు శత్రువుకి పెద్దదిగా, భయంకరంగా కనబడడానికి ఇది పనికొస్తుందని ఆయన చెప్పింది.

కుక్క విషయంలో ఒక హెచ్చరిక. మెడ మీదా వీపు మీదా బొచ్చు లేచిందంటే అది కరవబోతోందని అందరూ అనుకుంటారు. అలా అనుకోనక్కర్లేదు. అది ఉద్రేకానికి గుర్తు మాత్రమే. భయంలోనూ లేస్తుంది, కొత్త కుక్క కనిపించిన ఉత్సాహంలోనూ లేస్తుంది. చెవులు, తోక, పెదవి, నిలబడిన తీరు అన్నీ కలిపి చూడాలి. పిల్లలకు ఇది తప్పకుండా నేర్పండి.

ఈ విద్యలో ఆరితేరింది ముళ్లపంది. మా నల్లమలలో ఉంది. దాని ముళ్లు గట్టిపడిన వెంట్రుకలే. భయపడితే వాటిని నిక్కబొడిచి, తోక దగ్గరున్న బోలు ముళ్లను గలగలలాడిస్తుంది, అప్పటికీ వినకపోతే వెనక్కి తిరిగి శత్రువు మీదకి వస్తుంది. ముళ్లు బాణాల్లా విసురుతుందని ఊళ్లలో గట్టిగా నమ్ముతారు. విసరదు. తగిలితే సులువుగా ఊడి గుచ్చుకుంటాయి, అంతే. వాటితో తలపడి గాయపడ్డ చిరుతలూ పులులూ ఉన్నాయి.

రైతులకు పనికొచ్చే విషయం కూడా ఉంది. చలి లేకపోయినా దూడ వెంట్రుకలు రోజుల తరబడి లేచి, నిగారింపు లేకుండా గరుగ్గా ఉంటే దాన్ని వదిలేయకండి. జ్వరం కావచ్చు, కడుపులో నులిపురుగులు కావచ్చు, మేత చాలకపోవడం కావచ్చు. ఆరోగ్యంగా ఉన్న పశువు ఒళ్లు నున్నగా, మెరుస్తూ ఉంటుంది.

#4 ఉండి కాలవ (భీమవరం)

డాక్టరు గారూ, మరి కోళ్ల సంగతి? పందేల మాట పక్కన పెట్టండి. పెరట్లో రెండు పుంజులు ఎదురుపడితే చాలు, మెడ చుట్టూ ఈకలు గొడుగులా విప్పేస్తాయి. పొదుగుడు పెట్ట దగ్గరికి చెయ్యి పెడితే ఒళ్లంతా ఉబ్బిపోయి పొడుస్తుంది. ఈకకి కూడా అలాంటి కండరమే ఉంటుందా?

#5 పశువుల డాక్టరు (మార్కాపురం)

ఉంటుందండీ, అయితే అమరిక వేరు. ఈక కుదుళ్లను ఒకదానితో ఒకటి కలుపుతూ చర్మం లోపల నునుపు కండరాల అల్లిక ఉంటుంది. అందులో ఈకను లేపేవి కొన్ని, పడుకోబెట్టేవి కొన్ని. మన వెంట్రుకకి లేపే కండరమే తప్ప దించే కండరం లేదు, అది వదులైతే వెంట్రుక దానంతటదే వాలిపోతుంది. పక్షి మాత్రం రెండూ చేయగలదు. అందుకే బాగా జడిసిన కోడి ఈకలను ఒంటికి అదిమేసుకుని సన్నగా అయిపోతుంది, కోపం వచ్చిన కోడి ఉబ్బుతుంది. మీ పెరట్లో రెండూ చూసే ఉంటారు.

#6 ఓరుగల్లు పోరడు (హనుమకొండ)

జంతువుల సంగతి ఒప్పుకుంట. కానీ మనిషికి దీనితోని ఏం ఫాయిదా? మన ఒంటి మీద సుమారు 50 లక్షల వెంట్రుక కుదుళ్లు ఉన్నయంటరు. చింపాంజీకి ఉన్నన్ని దాదాపు మనకీ ఉన్నయ్. కాకపోతే మనయి చాలా వరకు సన్నటి నూగు. నూగు లేస్తే ఏం గాలి ఆగుతది? ఎవడు భయపడ్తడు? వెచ్చదనమూ లేదు, బెదిరింపూ లేదు. ఇంక అవశేషం అనక ఏమంటం? కొబ్బరాకు గారు తృప్తి లేదన్నరు గానీ, జవాబు చిన్నగున్నంత మాత్రాన తప్పైతదా?

#7 మూలకణం (హైదరాబాద్)

అన్నా, మీరు చెప్పినదాంట్లో మొదటి సగం నిజం. మనిషికి దీనివల్ల వచ్చే వెచ్చదనం లెక్కలోకి రాదు. కానీ "పనికిరాదు" అనే నిర్ణయం దగ్గర ఆగండి. నేను చర్మం మూలకణాల మీద పనిచేసే విద్యార్థిని. ఈ ప్రశ్నను కొత్త దారికి మళ్లించిన పని ఒకటి 2020 జులైలో 'సెల్' పత్రికలో వచ్చింది. హార్వర్డ్‌లో యా-చియె షు ప్రయోగశాల, నేషనల్ తైవాన్ యూనివర్సిటీలో సుంగ్-జాన్ లిన్ ప్రయోగశాల కలిసి ఎలుకల మీద చేశాయి.

వాళ్లు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూస్తే, సింపథెటిక్ నాడి ఆ కండరం దగ్గరే ఆగిపోవడం లేదు. కుదురులో కొత్త వెంట్రుకను పుట్టించే మూలకణాల చుట్టూ కూడా చుట్టుకుని ఉంది. మామూలుగా నాడులు ఇంకో నాడితోనో, కండరంతోనో, గ్రంథితోనో జతపడతాయి. మూలకణాలతో ఇంత సూటిగా జతపడడం అరుదు.

మామూలు రోజుల్లో ఆ నాడి కొద్దికొద్దిగా నార్‌ఎపినెఫ్రిన్ వదులుతూ మూలకణాలను సిద్ధంగా ఉంచుతోంది. చలి చాలాసేపు కొనసాగితే నాడి చురుకుదనం పెరిగి, మూలకణాలు మేల్కొని, కొత్త వెంట్రుక మొలవడం మొదలవుతోంది. అంటే ఒకే నాడి రెండు పనులు చేస్తోంది. ఇప్పటి చలికి ఉన్న వెంట్రుకను లేపుతుంది, రాబోయే చలికాలానికి కొత్త వెంట్రుకను పెంచుతుంది.

మరి కండరం దేనికి? వాళ్లు ఆ కండరాన్ని తొలగించి చూశారు. నాడి వెనక్కి తగ్గిపోయింది, మూలకణాలతో దానికి ఉన్న సంబంధం తెగిపోయింది. నాడి కుదురు దగ్గర నిలవడానికి ఆధారం ఈ కండరమే. ఇంకా లోతుకి వెళితే, పిండదశలో పెరుగుతున్న వెంట్రుక కుదురే సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్ వదిలి ఈ కండరం తయారయ్యేలా చేస్తోంది, ఆ కండరం నాడిని తెచ్చుకుంటోంది. చివరికి ఆ నాడి వచ్చి కుదురును పోషిస్తోంది. మూడూ ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటున్నాయి.

అందుకే నేను అవశేషం అనే మాటకి ఒప్పుకోను. వెంట్రుకను లేపడం వల్ల మనకి లాభం లేకపోవచ్చు. ఆ లేపే కండరం మాత్రం వెంట్రుక బతుకులో భాగం. బొచ్చు పోయినా ఈ ఏర్పాటు ఎందుకు పోలేదన్న ప్రశ్నకి నాకు తెలిసినవాటిలో ఎక్కువ నమ్మకం కలిగించే జవాబు ఇదే.

#8 ఓరుగల్లు పోరడు (హనుమకొండ)

మంచిగ చెప్పినవ్ చెల్లె. అట్లయితే చలిలో కూసుంటే బట్టతల మీద జుట్టు మొలుస్తదా? ఇది నిజంగనే అడుగుతున్న, మా ఇంట్ల అందరికీ చిన్నవయసులనే పోతది.

#9 మూలకణం (హైదరాబాద్)

చలికి జుట్టు మొలిచింది ఎలుకల్లో అన్నా. మనుషుల్లో అలా జరుగుతుందని ఎవరూ చూపలేదు, ఎవరైనా ఆ పేరుతో చికిత్స అమ్మితే డబ్బు పెట్టకండి.

కానీ బట్టతలకీ ఈ కండరానికీ ఉన్న సంబంధం మనుషుల చర్మంలోనే చూశారు. వంశపారంపర్యంగా వచ్చే మామూలు బట్టతలలో ఈ కండరం కుదుళ్ల నుంచి విడిపోతుంది, దాని చోటికి కొవ్వు వస్తుంది. పేనుకొరుకుడులో, అంటే జుట్టు గుండ్రంగా మచ్చలుగా ఊడిపోయే జబ్బులో, కండరం కుదురుకి అతుక్కునే ఉంటుంది. పేనుకొరుకుడులో ఊడిన జుట్టు చాలామందికి తిరిగి మొలుస్తుంది, మామూలు బట్టతల అంత సులువుగా వెనక్కి రాదు. ఈ తేడాకి కండరమే కారణమా, లేక అదీ ఒక ఫలితమా అన్న చర్చ నడుస్తోంది.

అదే షు ప్రయోగశాల 2020 జనవరిలో 'నేచర్'లో ఇంకో సంగతి చూపింది. తీవ్రమైన ఒత్తిడిలో ఈ సింపథెటిక్ నాడులే మితిమీరి నార్‌ఎపినెఫ్రిన్ వదిలితే, జుట్టుకి రంగునిచ్చే మూలకణాలు ఖర్చయిపోయి నల్ల ఎలుకలకు తెల్లవెంట్రుకలు వచ్చాయి. కొద్దిగా అందితే మేలు చేసేది ముంచెత్తితే చేటు చేస్తోంది.

#10 తంబురాశ్రుతి (విజయవాడ)

పాట సంగతి నాకు వదిలారు కాబట్టి రాస్తున్నాను. కచేరీలు చేస్తాను, పాఠాలు చెబుతాను.

వినేవాళ్లకి ఒళ్లు ఎక్కడ పులకరిస్తుందో మాకు కొంత అనుభవంతో తెలుస్తుంది. పెద్దగా పాడితే చాలదు. మంద్రంలో చాలాసేపు తిరిగి, పంచమం దాటకుండా ఆపి ఆపి, అప్పుడు తారషడ్జం మీద నిలబడాలి. విడిగా సాగే ఆలాపన ముగిసి మృదంగం అందుకునే మొదటి దెబ్బ దగ్గర కూడా వస్తుంది. ఎదురుచూపు పెంచాలి, ఆ ఎదురుచూపును కాస్త అనుకోని విధంగా తీర్చాలి.

ఈ అనుభవానికి సరిపోయే పరిశోధన ఉంది. 2001లో మాంట్రియల్‌లో బ్లడ్, జటోరే అనే ఇద్దరు, సంగీతం తెలిసినవాళ్లకి వాళ్లు స్వయంగా ఎంచుకున్న పాటలే వినిపించి మెదడు స్కాన్ తీశారు. పులకరింత పెరిగేకొద్దీ, తిండి దొరికినప్పుడు సంతోషం కలిగించే మెదడు భాగాలే చురుకయ్యాయి. భయంతో సంబంధమున్న అమిగ్డలా చురుకుదనం తగ్గింది. 2011లో అదే నగరంలో సలీంపూర్ బృందం ఇంకా సూక్ష్మంగా చూసింది: ఆ ఘట్టం రాబోతోందన్న ఎదురుచూపులో మెదడులో ఒక చోట, ఆ ఘట్టం వచ్చినప్పుడు ఇంకో చోట డోపమైన్ అనే రసాయనం విడుదలవుతోంది. రాగం నెమ్మదిగా ఎందుకు విప్పాలో మా గురువులు చెప్పింది నాకు ఇక్కడ కనిపించింది.

అంతకు ముందే 1980లో గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్త ఇంకో ప్రయోగం చేశాడు. మెదడులో సహజంగా ఉండే నల్లమందు లాంటి పదార్థాల పనిని అడ్డుకునే నలాక్సోన్ అనే మందు ఇస్తే, కొందరిలో పాటకి వచ్చే పులకరింత తగ్గింది.

మరి ఆనందానికి వెంట్రుకలు ఎందుకు లేవాలి? రెండు ఊహలున్నాయి. అనుకోని శబ్దం వినగానే మెదడు ముందు "ప్రమాదం" అనుకుంటుంది, మరుక్షణం ప్రమాదం లేదని తేలి ఆ ఉద్రేకమంతా హాయిగా మారుతుంది అనేది ఒకటి. రెండోది పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త 1995లో రాసింది. విషాదం నిండిన సంగీతానికే పులకరింత ఎక్కువ వస్తుందని గమనించి, తల్లి నుంచి విడిపోయిన పిల్ల అరుపుకీ దీనికీ సంబంధం ఉండొచ్చన్నాడు. ఆ అరుపు వింటే తల్లికి ఒళ్లు చల్లబడినట్టయి, బిడ్డను దగ్గరకు తీసుకోవాలనిపిస్తుందని ఆయన ఊహ. రుజువు కాలేదు. కానీ అన్ని వాయిద్యాల మధ్య నుంచి ఒక్క గొంతు ఒంటరిగా పైకి లేచినప్పుడు శ్రోతల ముఖాలు చూసినదాన్ని, నాకు ఈ రెండోదే దగ్గరగా అనిపిస్తుంది.

పాటకి అసలు పులకరింతే రానివాళ్లు కూడా చాలామంది ఉన్నారు. వాళ్లకి సంగీతం తెలియదనుకోవద్దు.

#11 గజ్జెలసవ్వడి (కూచిపూడి)

తంబురాశ్రుతి గారూ, నాట్యం వైపు నుంచి ఒకటి చేర్చనివ్వండి. భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాల్లో రోమాంచం ఒకటి. స్తంభం (కొయ్యబారిపోవడం), స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు (వణుకు), వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం (స్పృహ తప్పడం). నాడీతరంగం గారు రాసింది చదివాక ఈ జాబితా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. చెమట, వణుకు, ముఖం రంగు మారడం, కన్నీరు — చాలా మట్టుకు మన ఇష్టంతో పనిలేకుండా శరీరం తనంతట తాను చేసేవే. చెయ్యి తిప్పడం, అడుగు వేయడం లాంటివాటిని ఆంగికంలో, అంటే అవయవాలతో చేసే అభినయంలో, పెట్టి, వీటిని వేరే వర్గంగా విడదీశారు. మనసు ఏకాగ్రమైతే తప్ప ఇవి పుట్టవని, మనసు వేరేచోట ఉన్న నటుడు వీటిని చూపలేడని నాట్యశాస్త్రం చెబుతుంది.

నా ప్రశ్న: శిక్షణతో నిజంగా వెంట్రుకలు లేపగలిగేవాళ్లు ఉన్నారా?

#12 నాడీతరంగం (విశాఖపట్నం)

చాలా అరుదుగా ఉన్నారమ్మా. 2018లో జేమ్స్ హీథర్స్ బృందం అలాంటి 32 మంది వివరాలు ప్రచురించింది. అనుకోగానే వాళ్లకి లేస్తాయి. చాలామంది దాన్ని నేర్చుకోలేదు, తమకి ఆ శక్తి ఉందని యాదృచ్ఛికంగా తెలుసుకున్నారు. మెడ వెనక ఏదో బిగించినట్టు మొదలై చేతులకి పాకుతుందని చెప్పారు. ఈ కండరానికి ఇష్టపూర్వకంగా నడిపే నాడులు లేవు కాబట్టి, వాళ్లు దాన్ని ఏ మార్గంలో కదిలిస్తున్నారన్నది గట్టి ప్రశ్న. మీరు చెప్పిన ఏకాగ్రత అనే మాట అక్కడ తీసిపారేయదగ్గది కాదు.

#13 బంతిపూలు (నిజామాబాద్)

మా పాపకి పదమూడేండ్లు. భుజాల కింద, తొడల మీద ఎప్పుడూ ఇట్లనే బొడిపెలు ఉంటయి, ఎండాకాలం కూడా. చలి కాదు, భయం కాదు. ఇదేంది?

#14 నాడీతరంగం (విశాఖపట్నం)

మీరు చెప్పినదాన్ని బట్టి కెరటోసిస్ పిలారిస్ లాగుంది. దానికి ఈ కండరంతో సంబంధం లేదు. కుదురు నోటి దగ్గర కెరటిన్ అనే ప్రోటీన్ పేరుకుని గరుకు బొడిపెలు వస్తాయి. ఆ వయసులో చాలా మామూలు, ప్రమాదం లేదు, అంటుకోదు, పెద్దయ్యాక చాలామందికి తగ్గుతుంది. గట్టిగా రుద్దనివ్వకండి, స్నానం కాగానే తడి మీదే మాయిశ్చరైజర్ రాయండి. పాప బాధపడుతుంటే చర్మవైద్యులకి ఒకసారి చూపించండి.

#15 తెల్లకోటు (తిరుపతి)

న్యూరాలజీ వార్డులో నర్సుగా పనిచేస్తాను. ఇంత చర్చ జరిగింది కాబట్టి ఇది కూడా ఉండాలి.

ఏ కారణమూ లేకుండా, ముఖ్యంగా ఒంటికి ఒకవైపే వెంట్రుకలు లేచి, కొన్ని సెకన్లలో తగ్గి, మళ్లీ మళ్లీ అలాగే వస్తుంటే అది ఒక రకం మూర్ఛ కావచ్చు. మెదడులో టెంపోరల్ లోబ్ నుంచి వచ్చే ఫిట్స్‌లో ఇలా కనిపిస్తుంది. మనిషి కింద పడడు, కొట్టుకోడు, అందుకే ఇంట్లోవాళ్లు "గాలి సోకింది" అని తాయెత్తులు కట్టిస్తారు. దయచేసి న్యూరాలజిస్టుకి చూపించండి, ఈఈజీ (మెదడు తరంగాలు చూసే పరీక్ష) తీస్తారు, మందులున్నాయి.

నల్లమందు జాతి మత్తుకి అలవాటుపడ్డవాళ్లు మానేసినప్పుడు కూడా ఒళ్లంతా ఇలా లేస్తుంది. డాక్టర్లు ఆ తీవ్రతను కొలిచే పట్టికలో ఇదొక గుర్తు. తంబురాశ్రుతి గారు చెప్పిన నలాక్సోన్ ప్రయోగం చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

#16 ఉండి కాలవ (భీమవరం)

మరి జ్వరం వచ్చేముందు? ఒళ్లు కాలిపోతుంటే చలేమిటి, రోమాలు లేవడమేమిటి?

#17 తెల్లకోటు (తిరుపతి)

ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే పదార్థం వల్ల హైపోథాలమస్ తాను కోరుకునే ఉష్ణోగ్రతను పైకి మార్చుకుంటుంది. 37 డిగ్రీలు చాలవు, 39 కావాలి అంటుందనుకోండి. ఒంట్లో 38 ఉన్నా దాని లెక్కలో అది చలే. వెంట్రుకలు లేస్తాయి, వణుకు వస్తుంది, కాళ్లూచేతులూ చల్లబడతాయి. మలేరియాలో మొదట వచ్చే చలి కూడా ఇదే. పారాసిటమాల్ ఆ ప్రోస్టాగ్లాండిన్‌ను తగ్గించి పాత లెక్కకి తెస్తుంది, అప్పుడు చెమట పట్టి జ్వరం దిగుతుంది.

#18 కొబ్బరాకు (రాజోలు)

అందరికీ నమస్కారాలు. ముఖ్యంగా 7వ పోస్టు చదివాక ప్రశ్నే మారిపోయింది నాకు. ఇంకొక్కటి అడిగి ఊరుకుంటాను. పలక మీద సుద్ద కీచుమంటే ఒళ్లు జలదరిస్తుంది. అది చలి కాదు, భయం కాదు, ఆనందం అసలే కాదు. అదెందులోకి వస్తుంది?

#19 నాడీతరంగం (విశాఖపట్నం)

2012లో న్యూకాసిల్‌లో కుమార్, గ్రిఫిత్స్ బృందం సరిగ్గా దీన్నే చూసింది. రకరకాల శబ్దాలు వినిపిస్తే అన్నిటికన్నా భరించలేనిదిగా నిలిచింది సీసా మీద కత్తి గీసిన చప్పుడు. బోర్డు మీద సుద్ద కీచు కూడా పై వరుసలోనే ఉంది. 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య ఉండే శబ్దాలే ఎక్కువ బాధపెట్టాయి. మన చెవి ఎక్కువ సూక్ష్మంగా పట్టుకునే పరిధి దాదాపు అదే. అప్పుడు అమిగ్డలా చురుకై, వినికిడి భాగం పనితీరును మారుస్తోంది. కాబట్టి మీ మూడు వర్గాల్లో నేనైతే దీన్ని భయం పక్కనే పెడతాను. మనిషి కేకలో పదునుగా ఉండే భాగం కూడా ఈ పరిధిలోకే వస్తుంది. తంబురాశ్రుతి గారు ఇందాక చెప్పిన తల్లి-పిల్ల ఊహను దీనితో కలిపి ఆలోచించాలని ఉంది, ఆవిడ ఏమంటారో చూడాలి.

#20 తంబురాశ్రుతి (విజయవాడ)

పై స్థాయి కేకలోనూ ఉంటుంది, పాటలోనూ ఉంటుందండీ. కేక ఒక్కసారిగా వచ్చి గరుకుగా ఉంటుంది, శ్రుతికి కట్టుబడదు. తారషడ్జం కూడా పై స్థాయికే చేరుతుంది, కానీ శ్రుతిలో, మెట్టుమెట్టుగా, వినేవాడు సిద్ధపడ్డాక. రేపు సాయంత్రం క్లాసు అయ్యాక పిల్లల చేత ఒకే స్వరం రెండు రకాలుగా పాడించి, ఎవరికి ఎక్కడ వెంట్రుకలు లేచాయో అడిగి ఇక్కడే రాస్తాను.